స్పీడు బావ

రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పెళ్లిళ్లలో తాళి కట్టించడం పురోహితుడి పని, ఆ వీడియో పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించడం స్పీడు బావ పని. 1936లో ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాను వదిలి ఒడిశాలో కలిసింది గానీ చుట్టరికాలు కలిసే ఉన్నాయి. అందుకే మర్నాడు సత్యనారాయణ వ్రతం అవుతుండగానే పార్వతీపురం, విజయనగరం బంధువులు రైలు టైము చూసుకుంటూ పెన్‌డ్రైవులు చాస్తారు. "ఏటి బావా, అయిందా?" అన్నవారికి "అయిపోద్ది", "హెలా కి?" అన్నవారికి "హెబొ, హెబొ" అంటూ బావ రెండు భాషల్లోనూ ఒకే అబద్ధం ఆడతాడు.

మొదట పోర్టు పరీక్ష. లోపలి ప్లాస్టిక్ ముక్క నీలంగా ఉంటే గౌరవిస్తాడు, నల్లగా ఉంటే పెదవి విరుస్తాడు. ఇందులో శాస్త్రం లేకపోలేదు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, 2008 నాటి 3.0 వేగం 5 గిగాబిట్లు. నీలం సాధారణంగా 3.0కి గుర్తు. లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ రెండూ 3.0వి కాకపోతే 2.0 నడకే. లోపలి చిప్ చవకదైతే నీలం రంగు కూడా కాపాడలేదు. ఆ పెన్‌డ్రైవ్ తను కొనిపెట్టిందైతే ఈ చివరి సంగతి బావ ఎత్తడు.

తరువాత ఫార్మాట్. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో దాటుతుంది. బావ ఎక్స్‌ఫ్యాట్‌కు మారుస్తాడు, వీడియో ఎక్కుతుంది. పెళ్లికొడుకు మావయ్య పాత టీవీ మాత్రం దాన్ని చదవదు. "టీవీ మార్చండి మావయ్యా" అన్నది బావ తీర్పు.

ఫొటోలది వేరే చిక్కు. ప్రతి ఫైలుకూ పేరు, చోటు విడిగా రాయాలి కాబట్టి వేల చిన్న ఫొటోలకన్నా అంతే సైజున్న ఒక్క ఫైలు త్వరగా ఎక్కుతుంది. బావ అన్నిటినీ జిప్ చేస్తాడు. అది విప్పడం రాని పెద్దత్తలు వారం రోజులు అతనికి ఫోన్లు చేస్తారు.

కాపీ మొదలవగానే ఆకుపచ్చ గ్రాఫ్ పైకి లేస్తుంది. డేటా ముందు కంప్యూటర్ మెమరీలోకి చేరుతుండటమే కారణం. అది తన గొప్ప. కాసేపటికి గ్రాఫ్ కూలబడుతుంది. అది కంపెనీ తప్పు. విండోస్ సెట్టింగుల్లో 'బెటర్ పెర్ఫార్మెన్స్' పెట్టాక ఎజెక్ట్ చేయకుండా తీస్తే ఫైలు పాడయ్యే ప్రమాదముందని అందరికీ బోధించి, తాను మాత్రం చటుక్కున పీకేస్తాడు.

లెక్కకు వస్తే, 30 జీబీ వీడియో సెకనుకు 10 ఎంబీ చొప్పున 50 నిమిషాలు, 50 ఎంబీ చొప్పున 10 నిమిషాలు పడుతుంది. బావ మిగిల్చేది 40 నిమిషాలు. ఎలా మిగిల్చాడో చెప్పడానికి గంట పడుతుంది. రైలు ఆ మధ్యలో వెళ్లిపోతుంది.