అద్దె ఆట

1886లో న్యూయార్క్ మేయరు ఎన్నిక దగ్గరపడుతుండగా, హెన్రీ జార్జ్ దగ్గరికి మనిషిని పంపింది డెమొక్రాట్ల ముఠా టామనీ హాల్.

జార్జ్ పద్నాలుగేళ్లకే బడి మానేసినవాడు. అచ్చుకూటంలో అక్షరాలు పేర్చి బతికినవాడు. కానీ 1879లో ఆయన రాసిన ‘ప్రగతి, పేదరికం’ కూలివాళ్ల చేతుల్లోకీ వెళ్లింది. ఊరు పెరిగితే నేల విలువ పెరుగుతుంది, పెంచేది ఊరందరి చెమట, జేబులో వేసుకునేది నేల సొంతదారు ఒక్కడు అన్నది ఆయన బాధ. పన్నేదో ఆ నేల విలువ మీదే వెయ్యండి, కష్టం మీద వద్దన్నాడు. అద్దెలకే జీతం చాలని జనానికి ఆ మాట ఎంత సూటిగా తగిలి ఉంటుందో! కార్మిక సంఘాలు పోటీ చెయ్యమంటే, 30 వేల మంది సంతకాలు తెండి చూద్దామన్నాడు. అంతకు మించే తెచ్చారు.

టామనీ మనిషి బేరం పెట్టాడు. మీరెలాగూ గెలవలేరు, తప్పుకుంటే కాంగ్రెస్ సీటు ఖాయమన్నాడు. గెలవనివాడు నిలబడితే మీకేమిటి నష్టమని జార్జ్ అడిగాడు. నిలబడితే ఊరంతా అల్లకల్లోలం అవుతుందని జవాబు. మేయరు పదవి మీద నాకు మోజు లేదు గానీ ఆ అల్లకల్లోలం మాత్రం కావాలి అంటూ జార్జ్ బరిలోకి దిగాడు.

ముక్కోణపు పోటీ. డెమొక్రాట్ల తరఫున ఇనుప కర్మాగారాల యజమాని అబ్రామ్ హ్యూయిట్, రిపబ్లికన్ల తరఫున 28 ఏళ్ల థియొడోర్ రూజ్వెల్ట్. ఓటు చీటీలు అప్పట్లో సర్కారు అచ్చువేసేది కాదు; ఏ పార్టీ చీటీలు ఆ పార్టీయే వేయించి, మనుషుల్ని పెట్టి పంచుకోవాలి. నిన్నగాక మొన్న పుట్టిన కూలివాళ్ల పార్టీకి అదెంత బరువో ఊహించండి. అయినా హ్యూయిట్‌కు 90 వేలు, జార్జ్‌కు 68 వేలు, రూజ్వెల్ట్‌కు 60 వేలు వచ్చాయి. కాబోయే అమెరికా అధ్యక్షుణ్ని మూడో స్థానానికి నెట్టిన ఆ ఓటమి నా దృష్టిలో చాలా గెలుపుల కంటే గొప్పది.

1897లో జార్జ్ మళ్లీ నిలబడ్డాడు. ప్రాణానికే ముప్పని వైద్యులు వారించినా వినలేదు. పోలింగ్ ఇంకా నాలుగు రోజులుందనగా కన్నుమూశాడు.

ఆయన సిద్ధాంతాన్ని నమ్మిన స్టెనోగ్రాఫర్ లిజ్జీ మ్యాగీ, నేల మీద గుత్తాధిపత్యం ఎంత దుర్మార్గమో పిల్లలకు ఆటగా నేర్పాలనుకుంది. 1904లో ‘భూస్వామి ఆట’కు పేటెంటు తీసుకుంది. తర్వాత దానికి రెండు రకాల నియమాలు రాసింది. ఒకదానిలో ఎవరు సంపాదించినా అందరికీ వాటా. రెండోదానిలో తక్కిన అందరినీ దివాలా తీయించినవాడే విజేత.

జనం రెండోదే ఆడారు. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనేసింది. అప్పటికే ఆ ఆట ‘మొనోపలీ’ పేరుతో అమ్ముడవుతోంది. మన ఇళ్లలో సెలవులకు అటక మీంచి దిగే ‘బిజినెస్’ దాని సంతానమే.

మొన్న సెలవుల్లో మా మేనకోడలితో ఆడుతూ ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా వింది. నా పావు వెళ్లి ఆమె కొన్న ఊళ్లో ఆగింది.

“మామయ్యా, అద్దె!” అని చెయ్యి చాచింది.