సైకిళ్ల బందెలదొడ్డి అధికారి గారికి

నెదర్లాండ్స్‌లోని మా ఊరి సైకిళ్ల దొడ్డి అధికారి గారికి, తెనాలి వాస్తవ్యుడు, ప్రస్తుతం కాలినడకన ఉన్నవాడు నమస్కరించి రాయునది.

అయ్యా,

మా చిన్నతనంలో చేలో పడ్డ గేదెను బందెలదొడ్డికి తోలేవాళ్లు. బందె కట్టి విడిపించుకునేవాళ్లం. మనిషిని చూడగానే గేదె అరిచేది. మీ దొడ్డిలో ఉన్న నా సైకిల్ అరవదు, అదీ చిక్కు.

నేరం ఒప్పుకుంటున్నాను. రైలు అందదేమోనన్న కంగారులో స్టాండులో చోటు వెతక్కుండా, స్టేషన్ ముందు దీపస్తంభానికి గొలుసు వేసి పరిగెత్తాను. ఊట్రెక్ట్ స్టేషన్ దగ్గరైతే 12,500 సైకిళ్లు పట్టే చోటుంది, మొదటి 24 గంటలు ఉచితం. మాది అంత ఊరు కాదు. సాయంత్రానికి తెగిన గొలుసు కూడా మిగల్లేదు.

మీ పత్రం రంగు అడిగింది. నలుపు. రకం అడిగింది. వెనక్కి తొక్కితే బ్రేకు పడే అమ్మమ్మ సైకిల్. మనుషులకన్నా సైకిళ్లే ఎక్కువున్న దేశంలో ఈ ఆనవాళ్లు చెప్పడమంటే, తిరనాళ్లలో తప్పిపోయినవాడి గురించి ‘తెల్లచొక్కా వేసుకున్నాడండీ’ అని మైకులో చెప్పించడమే. ఫ్రేము నంబరు రాసిపెట్టుకోలేదు. ఒక్క గుర్తుంది: హ్యాండిల్ నడుమ దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు. సగం వానకు పోయింది. మీ పత్రంలో దానికి గడి లేదు.

పాత సైకిల్ కోసం ఇంత పాకులాటేమిటని మా అమ్మ. ఫోన్ చేసినప్పుడల్లా ‘ఇంకా సైకిలేనా నాయనా?’ అంటుంది. సైకిల్ దిగి మోటారుబండి, అది దిగి కారు ఎక్కడమే మా వైపు ఎదుగుదల. ప్రధానిగా ఉన్నప్పుడు మార్క్ రుట్టె సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తున్న ఫొటో పంపాను. ‘పాపం, ఆయనకీ జీతం చాలదేమో’ అంది.

బెర్లిన్‌లో ఉండే మా బావమరిది, నిలబడి నడిపే తన ఎలక్ట్రిక్ స్కూటర్ తెచ్చిస్తానన్నాడు. జర్మనీలో 2019 జూన్ నుంచి బీమా పలక తగిలించుకుని గంటకు 20 కి.మీ. వేగంతో తిరగొచ్చు. ఇక్కడ మీ వాహనాల శాఖ ఆమోదించిన నమూనా కావాలి, 2025 జూలై నుంచి నంబరు పలకా కావాలి. అదే 250 వాట్ల మోటారుకు పెడళ్లు తగిలించి, 25 కి.మీ. దాటగానే సాయం ఆపేస్తే అది సైకిలే! తొక్కుతున్నట్టు కాళ్లాడిస్తే చాలన్నమాట. కష్టపడేవాణ్ని చూస్తే చట్టానికీ ముచ్చటే.

ఎదురుగాలి మీ శాఖ కాదని తెలుసు. అయినా చెప్పుకోవాలి: పొద్దున పోయేటప్పుడూ ఎదురే, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎదురే. మెరక లేని ఈ దేశంలో గాలే కొండ. మీవాళ్లు దానికీ పోటీ పెట్టుకున్నారు. ఊస్టర్‌షెల్డె అడ్డుకట్ట మీద, గేర్లు లేని సైకిళ్లతో, హోరుగాలికి ఎదురు 8.5 కి.మీ. అలాంటి జనానికి నా గొలుసు ఒక లెక్కా?

బందె కడతాను, బేరమాడను. వెనక చక్రం తాళంచెవి నా దగ్గరే ఉంది. లోపలికి వదిలితే నల్ల సైకిళ్లన్నిటికీ పెట్టి చూసుకుంటాను. కాకపోతే మీ దొడ్డి ఊరి చివర, బస్సు దిగాక నాలుగు కి.మీ. ఎలా రావాలని ఫోన్ చేస్తే మీ కౌంటర్‌లోని అమ్మాయి, ‘సైకిల్ మీదైతే పావుగంటే’ అంది.

ఇట్లు,
బొట్టున్న నల్ల సైకిల్ తాలూకు మనిషి