కేంబ్రిడ్జ్ కీర్తనల పుస్తకాన్ని నేను

మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో 1640లో పుట్టాను. ఉత్తర అమెరికాలోని ఇంగ్లీషు వలసల్లో అచ్చయిన మొదటి పుస్తకాన్ని నేనే. నాకు ముందు అక్కడి అచ్చుయంత్రం మీద ఒక ప్రమాణపత్రం, ఒక పంచాంగం అచ్చయ్యాయి, అంతే. ఆ యంత్రాన్ని 1638లో ఇంగ్లండులో ఓడెక్కించిన పాస్టరు జోసెఫ్ గ్లోవర్ నడిసముద్రంలోనే కన్నుమూశాడు. అయినా ఆయన భార్య ఎలిజబెత్ అచ్చుకూడం పెట్టించింది. ఆ పని తాళాలు చేసుకునే స్టీఫెన్ డే చేతుల్లో పడింది.

ఆ చేతుల తడబాటు ఇప్పటికీ నా ఒంటి మీద ఉంది. ఎడమ పేజీల నెత్తిన 'కీర్తన' అనే ఇంగ్లీషు మాట ఒక స్పెల్లింగుతో, కుడి పేజీల నెత్తిన ఇంకో స్పెల్లింగుతో ఉంటుంది. కామాలు పడకూడని చోట పడ్డాయి. నాతో కలిపి 1,700 ప్రతులు ఇలాగే బయటికొచ్చాయి.

రిచర్డ్ మాథర్, జాన్ ఎలియట్ లాంటి ప్యూరిటన్ పాస్టర్లు దావీదు కీర్తనలను హీబ్రూ నుంచి తిరగరాశారు. అప్పటిదాకా పాడుకుంటున్న ఇంగ్లీషు కీర్తనలు మూలాన్ని వదిలేసి పక్కదారి పట్టాయని వాళ్ల బాధ. సొగసు కన్నా నిజం ముఖ్యమని నా ముందుమాటలోనే తేల్చి చెప్పారు. ఒప్పుకుంటాను, నా పాదాలు చాలాచోట్ల మొరటుగా ఉంటాయి. కానీ అలంకారాన్ని అనుమానించడం, ఉన్నమాట ఉన్నట్టు చెప్పడం అమెరికా రచనకు అబ్బిన గుణాలైతే, వాటి వేళ్లు నాలాంటి పుస్తకాల్లోనే ఉన్నాయని నా గట్టి నమ్మకం.

ప్రార్థన మందిరంలో వాద్యాలు ఉండేవి కావు. నా పేజీల్లో స్వరాలూ లేవు. తర్వాతి కాలంలో సంఘ పెద్ద ఒక్కో పాదం చదివితే జనం అందుకుని పాడేవారు. ఎనిమిది అక్షరాల పాదం, వెంటనే ఆరక్షరాల పాదం, మళ్లీ ఎనిమిది, మళ్లీ ఆరు. చదువురాని వాడికీ ఆ లెక్క ఒంట్లోకి దిగిపోయేది. ఇక చదువు సంగతంటారా, లేఖనాన్ని ఎవరికి వాళ్లే చదువుకోవాలని, యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ ఒక బడిపంతులును పెట్టుకోవాలంటూ 1647లో చట్టమే తెచ్చారు.

చదువుకోమన్నవాళ్లే, చదివి సొంతంగా ఆలోచించిన మనిషిని మాత్రం భరించలేకపోయారు. నేను పుట్టడానికి మూడేళ్ల ముందు ఇదే ఊళ్లో ఆన్ హచిన్సన్‌ను విచారించారు. పాస్టర్ల ప్రసంగాల మీద ఇంట్లో సభలు పెట్టి చర్చించినందుకు ఆమెను వెలివేశారు. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో పంతొమ్మిది మందిని ఉరితీశారు. వాళ్లను నిలదీసిన న్యాయాధికారుల్లో జాన్ హాథార్న్ ఒకడు. ఆయన కొడుకు మునిమనవడే రచయిత నథానియల్ హాథార్న్. పూర్వీకుల పాపం తనను వెంటాడుతోందన్న వేదనతో ఆయన 1850లో 'ది స్కార్లెట్ లెటర్' నవల తెచ్చాడు. ప్యూరిటన్లను తప్పుపట్టడానికి ఆయన వాడింది ప్యూరిటన్ పనిముట్టునే. మనసు మూలమూలలా వెతికి, దాచుకున్న దోషాన్ని వెలుగులోకి లాగడం వాళ్లు నేర్పిన విద్యే కదా.

నాకు కవయిత్రి ఎమిలీ డికిన్సన్ మరీ దగ్గర. ఆమ్‌హర్స్ట్‌లో ఇరుగుపొరుగంతా విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించి సంఘంలో చేరుతుంటే ఆమె చేరలేదు. అప్పటికి గుళ్లలో నా స్థానాన్ని ఐజాక్ వాట్స్ పాటలు తీసుకున్నాయి. నడక మాత్రం అదే, ఎనిమిది, ఆరు. ఆమె రాసిన దాదాపు 1,800 కవితల్లో చాలావాటికి ఆ నడకే ఆధారం. సందేహాన్నీ చావునూ దేవుడి మౌనాన్నీ ఆమె కీర్తన కొలతలోనే పలికించింది. భక్తి కోసం కట్టిన ఛందస్సు అంత తెగువను మోయగలదని నన్ను కూర్చిన పాస్టర్లు ఊహించి ఉండరు.

మాలో పదకొండు ప్రతులమే మిగిలాం. బోస్టన్ ఓల్డ్ సౌత్ చర్చికి చెందిన రెండు ప్రతుల్లో ఒకదాన్ని 2013లో న్యూయార్క్‌లో వేలం వేస్తే దాదాపు 1.42 కోట్ల డాలర్లు పలికింది. రెండోదాన్ని నేను. ఆ ధర గురించి పత్రికలన్నీ రాశాయి. నా మనసులో ఉన్నది వేరే పుస్తకం.

నాకు పాదాలు కూర్చినవాళ్లలో ఒకడైన ఎలియట్, బైబిలును అక్కడి మూలవాసుల భాషలోకి తెచ్చాడు. 1663లో కేంబ్రిడ్జ్‌లోనే అది అచ్చయింది. దాని అక్షరాలు కూర్చిన చేతుల్లో నిప్మక్ జాతి యువకుడు వావౌస్ చేతులూ ఉన్నాయి. జనం అతన్ని జేమ్స్ ప్రింటర్ అనేవారు. ఆ జాతులను తమ మతంలోకి, తమ బతుకుతీరులోకి మార్చాలని వేసిన పుస్తకమది. వాళ్ల భూములు పోయాయి, తర్వాత మాటా మూగబోయింది. 1990లలో జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే వాంపనోగ్ మహిళ ఆ బైబిలునూ పాత పత్రాలనూ ముందేసుకుని తన వాళ్ల భాషను మళ్లీ కూడదీయడం మొదలుపెట్టింది. ఆమె కూతురు పసితనం నుంచే ఆ భాషలో మాటలు నేర్చింది.