లేబుళ్ల పెద్దలకు ఒక కీమా విన్నపం

ఢిల్లీలో కొలువుదీరి, తిండి పొట్లాల మీద ఏ అక్షరం ఎంతుండాలో, ఏ చుక్క ఏ రంగులో ఉండాలో సెలవిచ్చే పెద్దలవారి దివ్యసముఖమునకు, హైదరాబాదు కూకట్‌పల్లి నుంచి ఒక కోడలు నమస్కరించి చేసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. అంటే, తమ వైపు కుశలమే అయ్యుంటుంది. మా వైపు సంగతి మామయ్యగారి బీపీ చూసుకుని రాయాలి.

ఆయనకి పోయినేడు స్టెంట్ వేశారు. మటన్ మానండి, ఉప్పు తగ్గించండి అని రెండే ముక్కలు చెప్పి పంపారు డాక్టరుగారు. ఆదివారం కీమా లేకపోతే మామయ్యగారికి అది ఆదివారమే కాదు. అందుకని మొన్న సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లోంచి మొక్కలతో చేసిన మటన్ కీమా తెచ్చాం. పావు కిలో 340 రూపాయలు. ముందువైపు ఆకుపచ్చ చుక్క. దాని పక్కనే 2022 నిబంధనలతో తమరు ప్రసాదించిన, చిగురు మొలిచిన వీగన్ ‘వి’ ముద్ర. ఆపైన ఎర్రటి గుండె బొమ్మ, ‘ప్రొటీన్ పుష్కలం’, ‘కొలెస్ట్రాల్ సున్నా’. గుండె బొమ్మ చూశాక గుండె జబ్బు మనిషికి పెట్టడానికి సందేహం ఎందుకొస్తుంది? అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం, గరం మసాలా వేసి ఎప్పుడూ వండినట్టే వండాం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “ఉప్పు కషాయంలా ఉందేంటమ్మాయ్?” అన్నారు మామయ్యగారు.

అప్పుడు చెత్తబుట్టలోంచి పొట్లం తీసి వెనక్కి తిప్పాను. అవి అక్షరాలు కావు, చీమల బారు. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే తప్ప అందలేదు. వంద గ్రాములకి సోడియం 600 మిల్లీగ్రాములు. పక్కన ‘ఒక వడ్డనకు రోజు అవసరంలో 15 శాతం’ అని ఉంది. పదిహేనేగా అనిపిస్తుంది. వడ్డన అంటే ఎంతయ్యా అని వెతికితే యాభై గ్రాములట!

యాభై గ్రాములు వడ్డనా, ప్రసాదమా? పావు కిలో పొట్లం ఐదుగురికి పంచే ఇల్లు ఏ ఊళ్లో చూశారు? సగం పొట్లం ఒక మనిషి తింటే 750 మిల్లీగ్రాములు. రోజంతటికీ 2000 దాటొద్దన్నది మీ లెక్కే. మేం వేసిన ఉప్పు దీనికి అదనం. పచ్చి మటన్‌లో సహజంగా ఉండే సోడియం వంద గ్రాములకి వంద మిల్లీగ్రాములు కూడా ఉండదు, అందుకే ఎవరి ఉప్పు వాళ్లం వేసుకుంటాం. ఇందులో ముందే కలిపామని గుండె బొమ్మ పక్కన ఒక్క ముక్క వేయించలేరా? మీరంతా ఏం చేస్తున్నారండీ అక్కడ?

ఏం చేస్తున్నారో తెలుసు. పొట్లాలకి నక్షత్రాలు ఇస్తామని 2022లో ముసాయిదా తెచ్చారు. చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు లావుపాటి పెద్ద అక్షరాల్లో వేయించాలన్న ప్రతిపాదనకి 2024 జులైలో సరేనన్నారు. ముందువైపు హెచ్చరికల సంగతి తేల్చమని 2025లో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెడితే ఆ గడువునీ పొడిగించుకున్నారు. మా ఇంట్లో కూర ఉడికేందుకు అంత వ్యవధి ఉండదు.

ఇక డబ్బు. పొట్లంలో మొదటి పదార్థం నీళ్లు, రెండోది సోయా ప్రొటీన్. అంటే మన మీల్ మేకర్! పెళ్లిళ్ల శాకాహారం బంతిలో కుర్మాగా వడ్డించే మీల్ మేకరే. కిరాణా కొట్టులో కిలో నూటయాభైకి అటూ ఇటూ. అందులో వందకి 52 గ్రాములు ప్రొటీన్, ఈ పొట్లంలో వందకి 15. గ్రాము ప్రొటీన్ కొట్టులో ముప్పై పైసలు, పొట్లంలో తొమ్మిది రూపాయలు. అసలు సిసలు మటన్ కీమా కిలో వెయ్యి వేసుకున్నా గ్రాముకి ఐదు రూపాయలే. మేకకన్నా మేక వేషం ఖరీదు.

పనసకాయతో చేసిన ‘మాంసం’ ఇంకో తమాషా. పనసపొట్టు కూరని తప్పుబట్టను, గోదావరి జిల్లాల వాళ్లు నన్ను బతకనివ్వరు. కానీ పచ్చి పనసలో ప్రొటీన్ వందకి మూడు గ్రాములు కూడా ఉండదు. మాంసానికి బదులని అమ్మేవాళ్లు ఆ మాట కూడా చెప్పాలి కదా. బి12 కలిపారో లేదో అదీ చెప్పరు.

ఈ సరుకంతా విషమని నేననను. 2020లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందికి ఎనిమిదేసి వారాలు ఇవీ అవీ మార్చి పెట్టి చూస్తే, మొక్కల మాంసం తిన్నప్పుడు చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది. ఖర్చు పెట్టుకున్నది ఆ సరుకు తయారుచేసే బియాండ్ మీట్ కంపెనీయే, అయినా ఫలితాన్ని కాదనలేం. కాకపోతే వాళ్ల కంచంలో పడింది కూకట్‌పల్లి ఫ్రీజర్లోని పొట్లం కాదు. ఇక్కడ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అతిగా ప్రాసెస్ చేసిన తిండి తగ్గించమంది. ఎవరి మాట వినాలి?

బొమ్మరిల్లు హాసిని, అదే మన జెనీలియా, భర్తతో కలిసి 2021లో ఇలాంటి కంపెనీ పెడితే మేమూ ముచ్చటపడ్డాం. (నేను కొన్న పొట్లం వాళ్లది కాదు.) అమెరికాలో ఆ బియాండ్ మీట్ షేరు 2019లో 25 డాలర్లకి వచ్చి, రెండు వందలు దాటి, 2025లో ఒక్క డాలరుకన్నా కిందికి పడింది. డబ్బున్న దేశంలోనే ధర చూసి వెనక్కి పెట్టేస్తున్నారు జనం.

కోపం చాలు. బతిమాలుకుంటున్నాను. నక్షత్రాలొద్దు, కమిటీలొద్దు. ముందువైపు, ‘ప్రొటీన్ పుష్కలం’ అన్నంత సైజులోనే, పొట్లం మొత్తంలో ఎంత ఉప్పుందో వేయించండి. అది చూడగానే ఇంకో చిటికెడు వేయకుండా ఆగుతాం. వడ్డనంటే మనిషి తినేంత రాయించండి. గ్రాము ప్రొటీన్ ఎంత పడుతుందో కూడా వేయించగలిగితే మీకు పుణ్యం ఉంటుంది, వేయించలేకపోతే మేం లెక్కలు వేసుకుంటాం. ఉప్పు సంగతి మాత్రం వాయిదా వేయకండి.

ఇట్లు,
విధేయురాలైన కోడలు

తా.క.: ఇప్పుడే తెలిసింది, అదే కొట్టులో అదే పొట్లం ఒకటి కొంటే ఒకటి ఉచితమట. గడువు దగ్గరపడిందేమో. ఆ తేదీ ఎక్కడ వేశారో ఇంకా వెతుకుతున్నాను.