ఆటో వెలది: టీకా తాత్పర్య సహితం

మూలం

పసుపు రాసి కడిగి పౌడరద్ది నుదుట
చుక్క నంటఁ బెట్టి చూపు దిద్ది
పెదవిఁ గొంచె మద్ది బేగెక్కె నాటోను
పప్పు నేరఁ బోవు పడుచు నేఁడు

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం మల్లినాథ సూరిది. కాళిదాసుకు వ్యాఖ్యానం రాస్తూ ఆయన, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. ఈ పద్యంలోని పడుచుది మందస. అక్కడ ఆటో కోసం నిలబడ్డవాళ్లకు అలాంటి ఒట్లు పొసగవు. ఈ వ్యాఖ్యలో మూలంలో లేనిదే ఎక్కువ ఉంటుంది, అక్కర్లేనిదీ కాస్త తగులుతుంది. పద్యం రాసిందీ వ్యాఖ్య రాస్తున్నదీ ఒక్కరే కాబట్టి, కవి హృదయం ఇది కాదని అడ్డం తిరిగేవారూ లేరు.

ఇక సందర్భం. పొద్దున్నే హరిపురం మీదుగా పలాస పోయే సర్వీసు ఆటో వీధి మొదట్లో హారను కొడుతోంది. వంటింట్లోంచి తల్లి, "బేగి ఎల్లే గుంటా, ఆటో ఎలిపోతంది!" అని కేకేసింది. ఆ హారనుకూ ఈ కేకకూ నడుమ దొరికిన కాసింత వ్యవధిలో జరిగిన ముస్తాబే పద్యవస్తువు. షోడశ శృంగారాలని పెద్దలు పదహారు చెప్పారు గానీ, అవి ఆటో టైముకు పోవాల్సిన అవసరం లేనివారికి చెప్పినవి.

అన్వయం

కర్త "పడుచు". సమాపక క్రియ "ఎక్కె". తక్కినవి రాసి, కడిగి, అద్ది, పెట్టి, దిద్ది, మళ్లీ అద్ది అని ఆరు క్త్వార్థకాలు. ఒకే మనిషి ఒకదాని తర్వాత ఒకటిగా చేసిన పనులకే క్త్వార్థకం వాడతారు. వరస తప్పితే వ్యాకరణమూ చెడుతుంది, మొహమూ చెడుతుంది. పౌడరద్దాక పసుపు కడిగి చూడండి, తెలుస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర రావాలి కదా, ఇక్కడ కర్త క్రియకు వెనకబడిందేమని శంక. ఆటో కదిలింది, కర్త ఇంకా పరుగెత్తుకొస్తోంది అని సమాధానం.

ప్రతిపదార్థం

పసుపు రాసి కడిగి = పసుపు నూనెలో కరిగినట్టు నీళ్లలో కరగదు. అందుకే ఎంత కడిగినా చెంపల మీద ఓ చాయ నిలిచిపోతుంది. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. సున్నం కలిపి కుంకుమ చేసేది ఆ గుణం పట్టుకునే. "కడిగి" అన్న మాట లేకపోతే ఈ పిల్ల పోతున్నది జీడిపప్పు ఫ్యాక్టరీకి కాదు, పెళ్లిపీటల మీదికని పాఠకుడు పొరబడేవాడు.

పౌడరద్ది = టాల్కం పౌడరును మొహానికి అద్ది. టాల్కం అంటే బలపపు రాయి. మన అనంతపురం, కర్నూలు సీమల్లో తవ్వితీసేదే. అక్షరాభ్యాసం నాడు పలక మీదికి వచ్చిన రాయి ఈడొచ్చాక మొహం మీదికి ఎక్కింది. మందస, పలాసలున్న ఉద్దానం సీమ గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి, మొహం ఊరికే జిడ్డోడుతుంది. ఆ జిడ్డును పీల్చడమే పౌడరు పని, తెల్లబరచడం కాదు. అరచేతిలో ఇంత పోసుకుని, రెండు చేతులా రుద్ది, బుగ్గల మీద ఒత్తి, మిగిలింది మెడకు తుడిచేయడం ఇక్కడి పద్ధతి. చెవి వెనకాల తెల్లగా నిలిచిపోతే అది తనకు కనపడదు. ఆటోలో పక్కన కూచున్న వదినకు కనపడుతుంది. ఆవిడ చెంగుతో తుడుస్తుంది, ఆపైన నాలుగు మాటలంటుంది. ఈ రెండో భాగాన్ని కవి దయతో వదిలేశాడు.

నుదుట చుక్క నంటఁ బెట్టి = స్టిక్కరు బొట్టు పెట్టుకుని. "దిద్ది" అనక "అంటఁ బెట్టి" అన్నందువల్ల ఇది కుంకుమా కాదు, తిలకమూ కాదని తేలింది. రాత్రి తీసి అద్దం అంచున అతికించిన బిళ్లే పొద్దున నుదుటి మీదికి తిరిగొస్తుంది. జిగురు చచ్చేదాకా ఈ రాకపోకలు సాగుతాయి. ఆ జిగురు సంగతి కొంచెం చెప్పాలి. కొన్ని బిళ్లల జిగురులో పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. చర్మానికి రంగునిచ్చే కణాలను అది చంపేస్తుంది. ఏళ్ల తరబడి ఒకేచోట అతికించినవారిలో కొందరికి బొట్టు ఆకారంలోనే తెల్లమచ్చ పడుతుంది. అప్పుడు దాన్ని కప్పడానికి ఇంకాస్త పెద్ద బిళ్ల కొంటారు. మచ్చ కనపడగానే బిళ్ల మానేసి, కొన్నాళ్లు కుంకుమ చుక్కతో సరిపెట్టుకుని, చర్మం డాక్టరుకు చూపించడం మేలు.

చూపు దిద్ది = కాటుక పెట్టి. కాటుక అనే మాట పద్యంలో లేదు గదా అంటారేమో. చూపును దిద్దేది ఇంకేముంది? ఆముదం దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకైనా, కొట్లో కొన్న కాజలైనా ఫరవాలేదు. సుర్మా పేరుతో అమ్మేవాటిలో మాత్రం కొన్నింట సీసపు ఖనిజం ఉంటుంది. రంగు కోసం సీసం సమ్మేళనాలు వాడరాదని మన సౌందర్య సాధనాల చట్టం చెబుతున్నా సంతలో పొట్లానికి చట్టం తెలియదు. మరో విషయం. కళ్లకు సంబంధించిన పనంతా పొద్దున ఇంటి దగ్గరే అయిపోవాలి, ఫ్యాక్టరీలో మళ్లీ దిద్దుకోవడం ఉండదు. కారణం ముందు వస్తుంది.

పెదవిఁ గొంచె మద్ది = లిప్‌స్టిక్ కాస్త అద్ది. "అద్ది" రెండోసారి వచ్చింది, పునరుక్తి దోషం కాదా? కాదు. మొదటిది అరచేత్తో అద్దడం, ఇది ఉంగరపు వేలితో. కడ్డీని పెదవి మీద నేరుగా రాస్తే నెలకే అయిపోతుంది. వేలి కొసన అంటించుకుని అద్దితే ఆరు నెలలు వస్తుంది, వేలికి మిగిలింది చెంపలకు పనికొస్తుంది. నగరాల్లో డబ్బిచ్చి నేర్చుకునే "మేకప్ వేసుకోనట్టు కనపడే మేకప్" ఇదే. ఇక్కడ పొదుపు నేర్పింది. ఇక ఆ కడ్డీ మీది పేరు. 1952లో టాటాలు మొదలుపెట్టిన లక్మే పేరు, మన లక్ష్మిని ఫ్రెంచివాళ్లు పలికిన తీరు. 1883లో పారిస్‌లో ఆడిన ఒక సంగీత నాటకంలో నాయిక పేరది. లక్ష్మి పారిస్ వెళ్లి పేరు మార్చుకుని వచ్చి, చివరికి హరిపురం ఫ్యాన్సీ కొట్లో అద్దాల బీరువాలో కుదురుకుంది.

ఇక్కడ పూర్వపక్షం. తిండి సరుకు తయారయ్యేచోట పనిచేసేవారు తలకు టోపీ, మూతికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోవాలి, ఊడిపడే నగలూ అతికించిన గోళ్లూ ఉండకూడదు అని 2011 నాటి ఆహార భద్రత నిబంధనల నాలుగో షెడ్యూలు చెబుతోంది. గాజులు తీసి, బిళ్ల కూడా తీసి, మూతికి గుడ్డ కట్టుకున్నాక పెదవికి రంగెందుకు? ఎవరు చూడొచ్చారు?

సిద్ధాంతం: మాస్కు పప్పు కోసం, రంగు దారి కోసం. ఇంటి గుమ్మం నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా ఈ మనిషి కూలీ కాదు, మందస నుంచి పలాస పోతున్న ఒక పడుచు, అంతే. ఇది ఉద్దానానికే పట్టిన మోజు కాదు. 1942లో అమెరికా యుద్ధోత్పత్తి మండలి సరుకుల కరువని సౌందర్య సాధనాల తయారీకి కత్తెర వేసి, కొన్ని నెలలకే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. బాంబులు చేసే ఆడవాళ్లకు లిప్‌స్టిక్ లేకపోతే పని మీద ఉత్సాహం ఉండదని అక్కడి ప్రభుత్వానికే అర్థమైంది.

బేగెక్కె నాటోను = బేగి (త్వరగా) + ఎక్కె. ఈ సంధికి చిన్నయసూరిని అడగక్కర్లేదు, ఆటో డ్రైవరును అడిగితే చాలు. ముందు సీటు అంచున కూచున్నవారికి అతని అద్దంలో సగం మొహం దొరుకుతుంది. జాతీయ రహదారి ఎక్కేలోపు తప్పులు దిద్దుకోవడానికి ఆ సగం సరిపోవాలి. రహదారి ఎక్కాక గాలి పౌడరును వెనక సీటువాళ్లతో పంచుకుంటుంది.

పప్పు నేరఁ బోవు = జీడిపప్పును ఏరి గ్రేడు చేయడానికి పోయే. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. పలాసలో పిక్క వేరు, పప్పు వేరు. పిక్కను కాల్చి గానీ ఆవిరి పట్టి గానీ కొట్టాలి, పప్పును బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టాలి, పొట్టు తీయాలి, ఆ తర్వాతే ఏరడం. పిక్క పెంకులో నల్లని నూనె ఉంటుంది. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలున్న ఆ నూనె తగిలితే చర్మం కాలి ఊడుతుంది, గోళ్లు నల్లబడతాయి. బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడీ ఈ కుటుంబంలోదే. పిక్కలు కొట్టేవాళ్లు చేతులకు నూనె, బూడిద పట్టించి కూచుంటారు. ఆ చేత్తో కన్ను నలుపుకోవడమంటే కోరి మంట తెచ్చుకోవడమే. కాటుక పొద్దున్నే అయిపోవాలన్నది పిక్కలు కొట్టిన రోజుల్లో పడ్డ అలవాటు. పద్యంలో నుదురు, చూపు, పెదవి అన్నీ ఉన్నాయి, చేతుల ప్రస్తావన లేదు. అది కవి మరపు కాదు. పిక్క కొట్టే చేతుల అలంకారం ఆ నల్లనూనె ముందే చేసి పెట్టింది, దాన్ని ఏ పౌడరూ కప్పలేదు. మన పడుచు కొట్టే సెక్షన్ దాటి ఏరే సెక్షన్‌కు వచ్చింది కాబట్టి గోళ్లకు రంగు వేసుకోవచ్చని ఆశ. కానీ ఏరే చోట కూడా గోళ్ల రంగుకు ఒప్పుకోరు.

ఏరడంలో రెండు చూపులుంటాయి. ఒకటి సైజు. డబ్ల్యూ 180, 210, 240, 320 అని గ్రేడులు. ఆ అంకె పౌనుకు తూగే గింజల లెక్క, కాబట్టి అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. రెండోది రంగు. డబ్ల్యూ అంటే తెల్ల గుండు. దాని ముందు ఎస్ చేరితే సెగ తగిలి చాయ మారిన గుండని అర్థం. రేటు తగ్గిపోతుంది. తినేవాడి నాలుకకు పెద్ద తేడా తెలియదు, బేరగాడి కంటికి తెలుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలను పెకలించింది. పిక్క ఆఫ్రికా నుంచి కూడా వస్తోంది. పిక్క ఏ ఖండానిదైనా పలాస బల్ల మీద పప్పుకు ఈ వివక్ష తప్పదు. ట్యూబులైటు కింద వారమంతా తెల్లదాన్నీ చాయ తగ్గినదాన్నీ వేరుచేసే ఈ పిల్లను ఆదివారం పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు సరిగ్గా అదే గ్రేడింగు చేసి, లడ్డూలు తిని, తర్వాత కబురు చేస్తామని వెళ్తారు.

విశేషం

పద్యంలో పౌడరుంది, క్రీము లేదు. వ్యాఖ్యాతలు మూలం మౌనానికి కూడా అర్థం చెబుతారు గనక మనమూ చెబుదాం. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. కొట్లో అడిగేవాళ్లు ఇంకా పాత పేరుతోనే అడుగుతారు. దానికన్నా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. మందుల షాపులో చీటీ లేకుండా చేతికొచ్చే స్టెరాయిడ్ ఆయింటుమెంటు మొదటి వారం మొహాన్ని తళతళలాడిస్తుంది. ఆరో నెలకు చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలూ నూగూ మొలుస్తాయి. మానేస్తే మంట, రాస్తే ముప్పు. 2018లో ఇలాంటి పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూలు హెచ్ కిందికి తెచ్చారు.

ఇంతకన్నా ఘోరం, కంపెనీ పేరూ ఊరూ సరిగా లేని డబ్బాల్లోని పాదరసం. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021-23 మధ్య ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు రాసినవారేనని డాక్టర్లు గుర్తించారు. క్రీము మానిపించాక ఎక్కువమంది కోలుకున్నారు. 2020 నాటి నిబంధనల ప్రకారం, కంటికి వాడేవి మినహా, సౌందర్య సాధనాల్లో పొరపాటున కలిసే పాదరసం కూడా 1 పీపీఎం దాటకూడదు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణమేమిటో పరిశోధకులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. అది వేరు, ఈ క్రీము జబ్బు వేరు, రెంటినీ ముడిపెట్టడానికి లేదు. అయినా ఇంటికో డయాలసిస్ కబురు వినే సీమలో, కిడ్నీ ఆసుపత్రి కట్టుకున్న పలాస బజారులో, పేరులేని డబ్బా కొని బుగ్గలకు రాసుకోవడమంటే మాత్రం వ్యాఖ్యాత ఒప్పుకోడు. కవి క్రీము ఊసెత్తకపోవడం ఔచిత్యమనే మా తీర్పు.

పాఠాంతరం

టెక్కలి ప్రతిలో నాలుగో పాదం "బ్యాంకు పనికిఁ బోవు పడుచు నేఁడు" అని ఉంది. ఛందస్సుకు ఇబ్బంది లేదు, యతి కూడా చెల్లింది. సరంజామా మాత్రం మారుతుంది. పౌడరు స్థానంలో కాంపాక్టు వస్తుంది, దానికి ముందు సన్‌స్క్రీన్. ఆటో అంచు సీటులో ఒక చెంప మీదే పడే ఎండకు అది నిజంగా పనికొచ్చే పూత, పప్పు ఏరబోయే పడుచుకూ కొనిపెట్టదగినది. బ్యాంకు పడుచు పెదవి రంగు పెదవి రంగులోనే ఉండాలి. మరీ ఎర్రగా ఉంటే పింఛను కోసం వచ్చిన పెద్దాయన ఫారం నింపడం మరిచిపోయి, "ఏటమ్మా, ఇంట్లో పెళ్లా?" అని అడుగుతాడు. సాయంత్రం బారువ బీచికి పోయేటప్పటి పాఠంలో కాటుకా లిప్‌స్టిక్కూ మిగులుతాయి, తక్కినదంతా అలలు తీసేస్తాయి.

తాత్పర్యం

గుంటకు ఆటో అందింది.

శేషం

"నేఁడు" ఒక్కటే మిగిలింది. అది పాదపూరణానికి తెచ్చిన మాటని కొందరు విమర్శకుల తేలికపాటి అభిప్రాయం. ఏరిన కిలోలకు కూలి లెక్కగట్టేచోట "నేఁడు" అంటే ఇవాళ సరుకు వచ్చింది, పని ఉంది, ఆటో ఖర్చు గిట్టుతుంది అని. సరుకు రాని రోజు ముస్తాబు ఉండదా అంటే, ఆ రోజు ఎవరిదో ఒకరిది పెళ్లుంటుంది. ఆ ముస్తాబు ఆటవెలదిలో పట్టదు, సీసమే ఎత్తుకోవాలి. సీసం పద్యానికి మాత్రమే. కాటుకలో వద్దని పైనే చెప్పాం.