నురగ పండితుడు

బెంగళూరు ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులో 2010లో టాయిట్ అనే బ్రూపబ్బు, అంటే బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే చోటు, తెరిచారు. ఆ తర్వాత ఊళ్లో బ్రూపబ్బులు ఒకటొకటిగా పెరిగాయి, వాటితోపాటే ఈయనా తయారయ్యాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మన తెలుగువాళ్లు పదిమంది చేరితే అందులో ఒకడు ఖాయం. అసలు పేరు ఏదైనా వెనకాల అందరూ నురగ పండితుడనే అంటారు. ఒకప్పుడు వైన్ షాపు కిటికీలోంచి చెయ్యి దూర్చి "అన్నా, కూలింగుది ఒక స్ట్రాంగివ్వు" అన్నవాడే. ఇప్పుడు సీసా బీరు పేరెత్తితే ముక్కు చిట్లిస్తాడు.

శనివారం రాత్రి టేబుల్ కావాలంటే గుమ్మం దగ్గర పేరు రాయించుకుని నిలబడాల్సిందే. మనకు కడుపులో ఎలుకలు పరిగెడుతుంటాయి. పండితుడికి అదే మంచి ముహూర్తం. గాజు గోడ వెనక మెరిసే స్టీలు ట్యాంకులు చూపించి అందుకుంటాడు. ఏల్ అయితే వెచ్చగా ఉంచితే తొందరగా పులుస్తుందట, లాగర్ చలిలో వారాల తరబడి నిదానంగా తయారవుతుందట. లోపల పాట హోరెత్తితే ఈయన గొంతు అంతకు మించుతుంది. నాకైతే పక్క గుంపును చూస్తే జాలి. మనమంటే తెలిసి తెచ్చుకున్నాం, వాళ్లేం పాపం చేశారు?

టేబుల్ దొరగ్గానే శాంపిళ్లు అడుగుతాడు. చిన్న చిన్న గ్లాసులు వరసగా వస్తాయి. ఒక్కోటీ దీపానికి అడ్డంపెట్టి రంగు చూస్తాడు, తిప్పుతాడు, వాసన పీలుస్తాడు, చుక్క నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకుంటాడు. స్టౌట్ దగ్గర "మాడ్చిన బార్లీ" అని తనలో తనే గొణుక్కుంటాడు. అన్నీ అయ్యాక చెప్పేది మాత్రం ఎప్పుడూ ఆ గోధుమ బీరే, ఊరూరా సంబంధాలు చూసి చివరికి మేనమామ కూతుర్నే చేసుకున్నట్టు. వెయిటర్ కుర్రాడు అది ముందే రాసేసుకుని ఉంటాడు.

మొన్న ఈయనగారి బావ నరసరావుపేట నుంచి వచ్చాడు. గ్లాసు ఎత్తబోతుంటే పండితుడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బావా, ముందు నురగ చూడు. రెండు వేళ్ల మందం ఉండాలి. సువాసనంతా అందులోనే."

అది చెప్పడం పూర్తయ్యేసరికి నురగ పోయింది. బావ ఒక గుక్క తాగి ఆగాడు.

"ఏరా బామ్మర్దీ, ఇందులో అరటిపండు పిసికారా ఏంది?"

పండితుడి మొహం వెలిగిపోయింది. అరటిపండూ లేదు, లవంగమూ లేదు, ఆ రెండు వాసనలూ ఈస్ట్ పుట్టించినవేనని మొదలుపెట్టి నేరుగా 1516లో బవేరియా వెళ్లిపోయాడు. బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప బీరులో మరేదీ వెయ్యకూడదని అక్కడ చట్టం చేశారు. మరి ఈస్ట్ మాటేమిటని ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. తనే అడిగి, అప్పటికి అదేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదని తనే జవాబు చెప్పి, 1876లో బీరు మీద పుస్తకం వేసిన లూయీ పాశ్చర్ దాకా వచ్చాడు. ఆ చట్టం ప్రకారం ఈయన తాగే గోధుమ బీరే నిషిద్ధం. ఆ మాట మాత్రం అనకండి, అక్కడి ప్రభువులు గోధుమ బీరు హక్కు తమ గుప్పిట్లో ఎలా పెట్టుకున్నారో చెబుతాడు.

"అదంతా సరేగానీ, మసాలా పల్లీల్లోకి ఇంకాస్త ఉల్లిపాయ, నిమ్మకాయ తెప్పించరా" అన్నాడు బావ.

ఒకటి ఒప్పుకోవాలి. ఈయన చెప్పేవాటిలో చాలావరకు నిజమే. బిల్లు దగ్గర పేచీ పెట్టడు, వెయిటర్‌కు టిప్పు అందరికంటే ఎక్కువ ఇస్తాడు. ఆ రాత్రి బావ కూడా రెండో గ్లాసు అరటిపండు బీరే అడిగాడు.

మీకూ ఇలాంటివాడు తగిలితే విట్‌బీర్ చెప్పుకోండి. ధనియాలు, నారింజ తొక్క వేస్తారని చెప్పి తొందరగానే వదిలేస్తాడు. పొరపాటున కూడా ఐపీఏ, అదే ఇండియా పేల్ ఏల్, అనొద్దు. కథ లండన్ రేవులో ఓడెక్కుతుంది. అది ఆఫ్రికా చుట్టూ తిరిగి కలకత్తా చేరేలోపు మీ చికెన్ వింగ్స్ చల్లారిపోతాయి.