పగటి వైరాగ్యము, రాత్రి దాక్షిణ్యము

కోలారు బంగారు గనుల ప్రాంతమున, రాబర్ట్‌సన్‌పేట కాఫీ హోటళ్ల బల్లల చుట్టునైనను, బంగారుపేట రైలు స్టేషను అరుగుల మీదనైనను, ముళబాగలు మొదలుకొని శ్రీనివాసపురము వరకు గల తెలుగు పల్లెల రచ్చకట్టల మీదనైనను, నలుగురు మగవారు చేరి లోకమును చక్కదిద్ద నుపక్రమించినప్పుడు, ధరలు, ఎన్నికలు, వానలు, అల్లుళ్లు అను నాలుగు ప్రకరణములు ముగిసిన పిమ్మట తప్పక వచ్చు అయిదవ ప్రకరణ మొకటి కలదు. అది స్త్రీ హృదయ విమర్శ. అందలి సిద్ధాంతము సుస్థిరము: ఒడలమ్ముకొని బ్రదుకు అభాగినుల యెడల మగవాడు స్వభావముచేతనే దయాళువు, ఆడుది స్వభావముచేతనే నిర్దయ, అతడు జాలిపడును, ఆమె చీదరించుకొనును, అతడు క్షమించును, ఆమె తలుపు వేసికొనును, కావున ఆడుదానికి ఆడుదియే శత్రువు. ఈ తీర్పు వెలువడిన తోడనే అందరును తల లూపుదురు, ఎవరో ఒకరు ఇంకొక కాఫీ తెప్పింతురు, కరుణారసము మరల ప్రవహించును.

ఈ సిద్ధాంతమును విన్నప్పుడెల్ల ఒక చిన్న సందేహము పొడసూపును. లోకమున సగముమంది జన్మతః ఇంత కరుణామయులై యుండగా, ఆ కరుణకు పాత్రలైన స్త్రీలకు పిడికెడు బియ్యము దొరకుటకు సుప్రీంకోర్టు ఆజ్ఞ యేల కావలసి వచ్చెను? మహమ్మారి కాలమున, 2020లో, గుర్తింపు పత్రముల నడుగక వారికి సరకు లిమ్మనియు, మరుసటి యేట రేషను కార్డులు, ఓటరు కార్డులు ఇప్పింపుడనియు, 2022 మే నెలలో పోలీసులు వారిని తక్కిన పౌరులవలెనే గౌరవముతో చూడవలెననియు ఆ న్యాయస్థానము ప్రభుత్వములకు వేరువేరుగ చెప్పవలసి వచ్చినది. మన దయాళువులు ఈ నడుమ ఏమైరి? బహుశః వారి దయ రాత్రి పది గంటలకు తలుపు తీసి, కోడి కూయకముందే మూసివేయు అంగడి వంటిదై యుండును. రేషను దుకాణపు వేళలు పగటివేళలు గదా! ఆ వేళ వారికి వైరాగ్యము ముదిరి యుండును.

శాసనములను వ్రాసినవారిలోను అధికసంఖ్యాకులు పురుషులే కనుక, పురుషకరుణ లోతును కొలుచుటకు శాసనములకంటె మంచి గజముబద్ద లేదు. 1956లో పుట్టి 1986లో పేరు మార్చుకొనిన అనైతిక వ్యాపార నిరోధక చట్టమున 8వ సెక్షను కలదు. బహిరంగస్థలమున విటుని ఆకర్షింప జూచిన స్త్రీకి తొలి తప్పునకు ఆరు నెలల వరకు చెఱయో, అయిదువందల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఆ నేరమునే పురుషుడు చేసినచో చెఱ ఏడు దినములకు తగ్గరాదట, మూడు నెలలకు మించరాదట. నేర మొక్కటియే, పైమెట్టు మాత్రము సగమునకు సగము. 20వ సెక్షను ఆమెను ఫలానాచోట ఉండరాదని వెడలగొట్టు అధికారమును మేజిస్ట్రేటుకు ఇచ్చుచున్నది. ఆమె వాకిటికి చీకటిలో తడబడక నడువగల పెద్దమనుష్యుని అట్లు వెడలగొట్టు సెక్షను ఆ చట్టమంతయు వెదకినను కానరాదు.

బంగారు గనులవారికి ఈ తూకము వింతగా తోపవలసియుండెను. పాతాళమునుండి పైకివచ్చిన కూలీని నిలువున సోదా చేసి, రాతిముక్కలోని నలుసు బంగారమునకై వెదకిన సీమ యిది. ఆ నలుసును దొంగిలించినవానికి పీనలు కోడు 379వ సెక్షను మూడేండ్లవరకు చెఱ విధించెను. దొంగసొత్తని యెరిగి పుచ్చుకొనిన షాహుకారునకు 411వ సెక్షను సరిగ్గా ఆ మూడేండ్లే విధించెను. కొనువాడు లేనిదే అమ్మువాడు లేడను సత్యము బంగారము విషయమున దొరలకును తెలియును, దొరసానులకును తెలియును, కోర్టుగుమాస్తాలకును తెలియును. ఆడుదాని యొడలు సరకైనప్పుడు మాత్రము ఆ సత్యము గని అడుగున ఎక్కడనో పూడిపోవుచున్నది.

ఈ తూకపురాళ్లను మనకు అంటగట్టిన దొరల కథయు కొంచెము వినదగినది. 1868లో ఈ దేశమున అంటురోగముల చట్ట మొకటి చేసిరి. సోల్జర్ల ఆరోగ్యరక్షణకై దండు ప్రాంతములలోని వేశ్యల పేళ్లు రిజిస్టరులలో నెక్కించి, వారిని బలవంతముగ పరీక్షించి, రోగమున్నచో ఆస్పత్రులలో నిర్బంధించిరి; ఆ రోగమును సమానముగ పంచుకొనిన సోల్జరునకు అట్టి రిజిస్టరు లేదు. ఇటువంటి చట్టమునే ఇంగ్లండున విచారించిన రాచకమిషను 1871లో, ఇరువురిని పోల్చరాదనియు, స్త్రీ చేయునది లాభమునకై చేయు అపరాధమనియు, పురుషునిది సహజమగు ప్రేరణ కొంత దారి తప్పుట మాత్రమే యనియు తేల్చినది. మన రచ్చకట్ట సిద్ధాంతమునకు ఇంతకంటె ఘనమైన భాష్యము దొరకదు. దానిని ఎదిరించినవారెవరు? స్వభావముచేతనే నిర్దయలని చెప్పబడు స్త్రీలే. జోసెఫీన్ బట్లరును ఆమె సహచరులును పదునారేండ్లు సభ వెంట సభ పెట్టి పోరాడగా 1886లో అక్కడి చట్టము, 1888లో ఇక్కడి చట్టము రద్దయ్యెను. అయినను దండులలో పాత మర్యాద పేరు మార్చుకొని సాగుచున్నదని అమెరికానుండి వచ్చిన ఇద్దరు స్త్రీలు, కేట్ బుష్నెల్, ఎలిజబెత్ ఆండ్రూలు, 1890ల తొలినాళ్లలో దండులు తిరిగి, ఆ అభాగినులను స్వయముగ పలుకరించి లోకమునకు చాటిరి. సేనాధిపతియగు లార్డ్ రాబర్ట్స్ అది అబద్ధమని మొదట కొట్టివేసి, 1893లో క్షమాపణ చెప్పుకొనెను. సేనలన్నిటికి అధిపతియై, తన దండులో నేమి జరుగుచున్నదో ఇద్దరు పరదేశపు ఆడవారివలన తెలిసికొనుట కరుణామయులకే చెల్లును.

దొరల మాట యటుండనిండు. మన పండితుల కడకు వత్తము. తంజావూరి ప్రతాపసింహ మహారాజుకాలపు ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును, పూర్వముద్రణమున ఆమె వంశవృత్తాంతమును కొన్ని పద్యములును లోపించుట చూచి, మూలమును సంపాదించి పరిష్కరించి 1910లో వావిళ్లవారిచేత అచ్చువేయించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఈ కోలారు చేరియున్న మైసూరు రాజ్యముననే, నంజనగూడున, 1878లో పుట్టిన గాయని, ముద్దుపళనివలెనే తానును వేశ్యాకులమునకు చెందినది. సంఘసంస్కర్తలలో అగ్రగణ్యుడును, వితంతువుల కన్నీరు తుడిచిన మహనీయుడును అగు వీరేశలింగము పంతులుగారు తమ కవుల చరిత్రమున ముద్దుపళనిని కులటగా నిందించి, ఆ కావ్యమున అనేక భాగములు స్త్రీలు నోట పలుకుటకే కాదు, చెవిని వినుటకును తగవని తీర్చిరి. నాగరత్నమ్మ తన పీఠికలో వినయము తప్పక అడిగిన ప్రశ్నల సారాంశ మిది: సిగ్గనునది స్త్రీలకు మాత్రమే ఏర్పడినదా, పురుషులకు అక్కరలేదా? ఇంతకంటె పచ్చిగ వ్రాసిన పురుషకవుల కావ్యములను తమరే మెచ్చుకొని పాఠ్యగ్రంథములుగ ఎట్లు అంగీకరించిరి? ఆమె ఉదాహరించినది వైజయంతీవిలాసము. ఒక వేశ్య విప్రనారాయణుని లోబరచుకొనిన కథ! వేశ్యను గూర్చి పురుషుడు శృంగారము వ్రాసిన అది సాహిత్యము, వేశ్యయే వ్రాసిన అది జారత్వము అను న్యాయమును ఇంత చక్కగ బయటపెట్టిన విమర్శ తెనుగున మరియొకటి లేదు. ప్రశ్నలకు సమాధానము 1911లో పోలీసుల రూపమున వచ్చెను, పుస్తకము నిషేధింపబడెను. ప్రకాశం పంతులుగారు 1947లో నిషేధము నెత్తివేసినదాక ప్రచురణకర్తలు వేచి యుండవలసివచ్చెను.

మైసూరు ప్రభుత్వమువారు 1909లో ముజరాయి దేవాలయములలో దేవదాసీల సేవను మాన్పించిరి. ఆచారము పోవుట మంచిదే. కాని ఆ స్త్రీలు గుడిమెట్లు దిగి వెళ్లుచుండగా, వారిని తరతరములుగ పోషించి అనుభవించిన ప్రభువులు పూలసజ్జలతో అవే మెట్లెక్కుచుండిరి. తన అపవిత్రతను ఎదుటివాని ఖాతాలో వ్రాయుటకు మించిన లెక్కలు మన గ్రామకరణములకును రావు. ఈ లెక్కలను గురజాడవారు కన్యాశుల్కమున ఏనాడో తనిఖీ చేసిరి. మధురవాణిని ఉంచుకొనినవాడును గిరీశమే, వేశ్యాసంపర్క నిరసనమును ఉపన్యసించువాడును గిరీశమే. ఆ నాటకమును తొలుత ప్రదర్శించిన 1892 మొదలు నేటివరకు ప్రేక్షకులు గిరీశమును చూచి నవ్వుచునే యున్నారు; ప్రక్కకుర్చీ వానిని చూచి నవ్వుచున్నామనియే ప్రతివాని నమ్మకము.

ఇక స్త్రీల నిర్దయను గూర్చి. అది లేదని నే ననను. వీధికుళాయి కడ అట్టి స్త్రీ బిందె పెట్టిన, తమ బిందెలను ప్రక్కకు జరుపు ఇల్లాండ్రు గనికార్మికుల లైనులలో ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. కాని ఆ జరుపుటలో స్వభావమెంత, బియ్యపు లెక్క యెంత అని ఎవరైన విచారించిరా? జీతము ముట్టిననాడు ఇల్లు చేరవలసిన రూకలు దారిలో సారాయంగడికి కొంత, మరియొక వాకిటికి కొంత పోగా, మిగిలిన దానితో నెలంతయు కుండ నింపవలసినది ఆమెయే. భర్త తెచ్చిన రోగమును నోరెత్తక అనుభవింపవలసినదియు ఆమెయే. అడుగవలసినవాడు భర్త, అడిగిన దెబ్బలు, పుట్టింటి దారి. కనుక ఆమె కోపము అడుగనవసరము లేని చోటికి, ఎదురుతిరుగలేని దాని మీదికి పోవును. ఇది న్యాయమని నే ననను, అన్యాయమే. అయితే ఆ అన్యాయమునకు పెట్టుబడి పెట్టినవాడు కాఫీ త్రాగుచు, ఇరువురి కలహమును చూచి, అహో స్త్రీహృదయ కాఠిన్యము అని నిట్టూర్చుచున్నాడు.

స్త్రీలందరిది ఒక్కటే మాటయనుటయు అబద్ధమే. తల్లి వైపున దేవదాసీకులమునకు చెందిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి, ఆ ఆచారము బాలికలకు సంకెలయని మద్రాసు శాసనసభలో పోరాడినది; ఆ కృషి 1947 నాటి చట్టముగ ఫలించెను. నాగరత్నమ్మ ఆ ప్రయత్నమును ఎదిరించి, మా కళను, ఆస్తిని, గౌరవమును మాతో మాటలాడకయే తుడిచివేయుదురా యని అడిగిన పక్షమున నిలిచెను. ఇరువురిలో నెవరి పక్షము సరియైనదను వాదము నేటికిని తీరలేదు. కాని ఇరువురును పట్టపగలు, సొంతపేరుతో, నలుగురు వినునట్లు మాటలాడిరి. కాకినాడలో 1921లో గాంధీగారు రాగా, దేవదాసీలును ఘోషా స్త్రీలును ఆయనను చూడవలెనని పండ్రెండేండ్ల దుర్గాబాయి పట్టుపట్టినది. నిర్వాహకులు అయిదు నిమిషములకు అయిదువేల రూపాయల నిధి కావలెననగా, ఆ స్త్రీలే దానిని సమకూర్చిరి. కాలమును వెలకట్టి అమ్ముట హీనవృత్తి యని బోధించు లోకములో, ఆనాడు వెల చెప్పినవారెవరో, చెల్లించినవారెవరో పాఠకులే గమనింతురుగాక.

ఈ దయాసిద్ధాంతమువలన మగవారికి కలుగు అసలు ప్రయోజనము నేడు బంగారుపేట ప్లాటుఫారము మీద కనబడును. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినది మొదలు ఈ ఊరి కుటుంబములు బెంగుళూరు కూలితో బ్రదుకుచున్నవి. చీకటితోనే మారికుప్పము రైలెక్కి, చీకటిపడినాక దిగువారిలో స్త్రీలును కలరు. పొద్దంతయు పనిలేక అరుగుమీద కూర్చున్న దయాళువు, రైలు దిగిన ప్రతి స్త్రీని చూచి గడియారమును చూచును, చీరను చూచును, కనుబొమ నెగురవేయును. నిన్న ఆ అభాగినికై జాలిపడిన నోరే నేడు ఆ పేరును ఈ గార్మెంటు కూలికి తగిలించును. కోలారమ్మ గుడిలో తేలు కాటునుండి కాపాడుటకు చేళమ్మ కలదు; నాలుక కాటునుండి కాపాడు దేవత ఈ జిల్లాలో ఇంకను వెలయలేదు. వేశ్య యొకతె ఊరిలో నుండుట ఇతనికి రెండువిధముల లాభము: రాత్రికి ఆమె యవసరము, పగలు తక్కిన ఆడవారిని బెదరించుటకు ఆమె పేరు అవసరము. ఇట్టి ఉపకారిణిమీద దయ పుట్టకుండునా!

కావున నాదొక మనవి. పురుషుల కరుణ నిజముగ సహజమైనదే యగుచో దానిని అరుగులమీద వృథాగ పారనీయక ఒక సంఘముగ కూర్పవలెను. కోలారు జిల్లా కేంద్రమున పట్టపగలు పదునొకండు గంటలకు ప్రథమ సమావేశము పెట్టుదము. నియమములు మూడే చాలును: ఆ స్త్రీల పిల్లలను తమ పిల్లల ప్రక్కబల్లను కూర్చుండబెట్టుటకు బడిలో పూచీ పడవలెను, వారికి ఇల్లద్దె కావలసినప్పుడు జామీను సంతకము చేయవలెను, సభ్యత్వపు పుస్తకమున తమ పేరు, తండ్రిపేరు, ఎన్నడు మొదలుకొని ఆ స్త్రీలను ఎరుగుదురో ఆ వివరము వ్రాసి, ప్రక్కన భార్యచే సాక్షి సంతకము చేయింపవలెను. పుస్తకము, కలము నేనే తెత్తును. అందు తొలి సంతకము పడిననాడు, ఆడుదియే నిర్దయ యని ఈ పత్రికలోనే వ్రాసి, ఈ వ్యాసమును ఉపసంహరించుకొందును.